బేరము నేర్చినవారు పరిపాలన నేర్చినవారేనా?

మన మంగళగిరి గుంటూరు లోక్‌సభా నియోజకవర్గములోనిది. 1980 మొదలు 1991 వరకు గుంటూరు పక్షమున లోక్‌సభలో కూర్చున్నవారు ఆచార్య ఎన్.జి. రంగాగారు, వారు అర్థశాస్త్రము బోధించిన అధ్యాపకులు, కర్షకోద్యమ నాయకులు. 2014 లోను, 2019 లోను అదే స్థానమునుండి ఎన్నికైన గల్లా జయదేవ్‌గారు బ్యాటరీలు తయారుచేయు అమరరాజా సంస్థను నడిపినవారు. 2024 లో ఎన్నికైన పెమ్మసాని చంద్రశేఖర్‌గారు తెనాలి చెంతనున్న బుర్రిపాలెమున పుట్టి, వైద్యము చదివి, అమెరికాలో వైద్యవిద్యార్థులను పరీక్షలకు సిద్ధపరచు యూవరల్డ్ అను సంస్థను స్థాపించినవారు. ఆ యేడే మంగళగిరినుండి శాసనసభకు ఎన్నికైన నారా లోకేశ్‌గారు రాజకీయములలోనికి రాకపూర్వము హెరిటేజ్ పాలసంస్థలో పనిచేసిరి. అధ్యాపకులు, న్యాయవాదులు కూర్చున్న పీఠములమీదికి వ్యాపారసంస్థలు నడిపినవారు వచ్చుచున్నారని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇది మేలా, కీడా యని మన ఊరి అరుగులమీదను, మగ్గముల గుంటలయొద్దను, బస్సులలోను వాదములు జరుగుచునే యున్నవి. వ్యాపారము చేసినవానికి డబ్బు విలువ తెలియును, పని త్వరగా తెముల్చును, అట్టివాడే రాజ్యమును బాగు చేయునని కొందరందురు. వ్యాపారికి లాభము తప్ప మరేమియు కానరాదు, ప్రభుత్వోద్యోగములలో పండినవాడే పరిపాలనకు తగినవాడని మరికొందరందురు. ఏ పక్షమును పొగడుటకుగాని, ఏ నాయకుని తెగడుటకుగాని మేమీ వ్యాసమునకు పూనుకొనలేదు. బేరమునకును, పరిపాలనకును గల భేదమేమో, ఒకదానిలో సంపాదించిన నేర్పు రెండవదానిలో ఎంతవరకు పనికివచ్చునో, మన దేశపు నిదర్శనములతో వివరించుటయే మా యుద్దేశము. ఓటు వేయు తలిదండ్రులకును, కొలది యేండ్లలో ఓటు వేయబోవు విద్యార్థులకును ఈ భేదము తెలియుట అవసరము.

మొదట బేరమనగా నేమో చూతము. పశువుల సంతలో దళారి తువ్వాలు క్రింద చేయి పెట్టి, ఎదుటివాని వ్రేళ్లు పట్టి ధర తెలుపును. చుట్టునున్నవారికి ఆ ధర తెలియదు, తెలియనక్కరలేదు. అమ్మువాడు, కొనువాడు, ఇద్దరే అందలి పాత్రలు. ధర నచ్చనిచో ఎవడైనను తువ్వాలు దులుపుకొని వెళ్లిపోవచ్చును. నచ్చినచో సంచకరువు చేతులు మారును, ఎడ్లు చేతులు మారును, అంతటితో వారి సంబంధము ముగియును. లాభము వచ్చినను నష్టము వచ్చినను అది బేరమాడినవానిదే.

ఈ పనిలో నేర్చుకొనదగిన గుణములు కొన్ని కలవు. ఎదుటివాని మనస్సులో నేమున్నదో గ్రహించుట ఒకటి. కాలమునకు ధర కట్టుట రెండవది. అప్పు తెచ్చి సరుకు కొన్నవానికి ఒక నెల ఆలస్యమైనచో ఒక నెల వడ్డీ పోవును గనుక, ఆలస్యమనగా నష్టమని వానికెవరును చెప్పనక్కరలేదు. నష్టపడిననాడు ఆ పనిని విడిచి వేరొక పని చూచుకొను ధైర్యము మూడవది. ఇవి మంచి గుణములే. ప్రభుత్వ కార్యాలయములలో ఒక కాగితము ఒక బల్లనుండి మరియొక బల్లకు పోవుటకు పట్టు దినములను లెక్కించినవారెవరును ఈ గుణములను తేలికగా చూడజాలరు.

ఇక పరిపాలన. మన ఊరి చేనేతనుండియే ఒక ఉదాహరణము చెప్పెదము. మాస్టరు వీవరు నేతగానికి నూలిచ్చి, చీర తీసికొని, మజూరీ చెల్లించును. నేతగాడు ముసలివాడై నేత నెమ్మదించినచో ఆతనికి నూలిచ్చుట మానివేయవచ్చును. దానిని తప్పనుటకు వీలులేదు, అది ఆతని సొమ్ము. చేనేత సహకార సంఘమట్లు చేయజాలదు. ముసలినేతగాడును అందులో సభ్యుడే. ఆతనికి పని యేల ఇవ్వలేదో మహాసభలో జవాబు చెప్పవలయును, లెక్కలను ఆడిటరుకు చూపవలయును, రేపు పాలకవర్గము మారినచో క్రొత్తవారు పాతవారి బాకీలను తమవిగా నెత్తిన వేసికొనవలయును. ప్రభుత్వమనునది ఈ సంఘమువంటిదే. కాని దానిలో సభ్యత్వము మానుకొని పోవుటకెవరికిని వీలులేదు.

కాబట్టి భేదములు మూడు. బేరములో ఇద్దరు, పరిపాలనలో బల్లయొద్ద కూర్చుండని మూడవవాడు ఎల్లప్పుడు ఉండును. బేరము రహస్యముగా జరుగవచ్చును. పరిపాలనలో కారణము వ్రాసి చూపవలయును. బేరము దానిని చేసినవానితో ముగియును. ప్రభుత్వము చేసిన వాగ్దానము దానిని చేసినవాడు పీఠము దిగిన పిమ్మటను నిలువవలయును. మూడవ భేదమే అన్నిటికంటె ముఖ్యమని మా తలంపు. దానినే ఇకమీద విశదపరచెదము.

వర్తకులు రాజ్యమేలిన సంగతి మన తీరమునకు క్రొత్త కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611 లో మచిలీపట్టణమున కొఠీ పెట్టి కలంకారీ బట్టలు, ఇతర వస్త్రములు కొనుచుండిరి. 1766 లో నిజాముతో జరిగిన ఒడంబడికవలన ఉత్తరసర్కారులు వారి వశమైనవి. గుంటూరు సర్కారు మాత్రము 1788 లో వారి చేతికి వచ్చినది. ఆ రోజులలో మచిలీపట్టణపు పాలనమును నడపినది ఛీఫ్ అను పెద్దయు, అతని కౌన్సిలును. నేతగానియొద్ద గుడ్డకు ధర కట్టు వర్తకుడే శిస్తు నిర్ణయించును, అతడే తగవు తీర్చును. కొనువాడే న్యాయాధిపతియైనచో అమ్మువాడెచ్చట మొరపెట్టుకొనును? ఈ యేర్పాటు చెల్లదని 1794 లో ఛీఫులను, కౌన్సిళ్లను తీసివేసి కలెక్టరులను నియమించిరి.

అయినను కంపెనీవారి చూపు చిరకాలము ఆ యేటి రాబడిమీదనే యుండెను. 1832-33 లో గుంటూరుసీమను ఘోరమైన కరవు చుట్టుకొన్నది. జనులలో మూడవవంతునకు తక్కువకాకుండ నశించిరని అంచనాలు కలవు. కృష్ణ నిండుగా సముద్రములోనికి పోవుచుండగనే ఆ నదికి చేరువనున్న జనులు అన్నము లేక చచ్చిరి. 1833 నాటి చార్టరు చట్టము కంపెనీ చేతనుండి వర్తకమును పూర్తిగా తీసివేసెను. సర్ ఆర్థరు కాటనువంటి ఇంజనీర్లు పట్టుపట్టి వాదించిన పిమ్మట, 1852 లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. ఆ నాడు కట్టిన ఆనకట్ట నూరేండ్లకు సమీపముగా డెల్టాను పోషించినది. ఈ యేడు పెట్టిన రూపాయి ఈ యేడే తిరిగి రావలెనని చూచువారు అట్టి పనికి పూనుకొనరు. ఆడమ్ స్మిత్ అను అర్థశాస్త్రవేత్త, 1776 లో వెలువడిన తన గ్రంథమునందు, వర్తక సంఘము తాను వర్తకుననే తలచుకొనును గాని రాజునని తలచుకొనజాలదను భావమును వెల్లడించెను. ఆయన యభిప్రాయమునకు గుంటూరు కరవొక సాక్ష్యము.

ప్రభుత్వపు పనిలో పండినవారి మేలునకు నిదర్శనముగా మన ప్రాంతపు కానూరి లక్ష్మణరావుగారిని చెప్పవచ్చును. 1902 లో కంకిపాడున పుట్టిన వారు ఇంజనీరుగా ప్రభుత్వసేవలో చిరకాలము గడిపి, నాగార్జునసాగరపు రూపకల్పనలో ముఖ్యభాగము వహించి, 1962 లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రియైరి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10 న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. కాలువలకు నీరు విడిచినది 1967 ఆగస్టు 4 న. ఈ నడుమ పండ్రెండేండ్లలో నేమేమి జరిగినదో గమనింపుడు. శంకుస్థాపన నాటికి నదికి ఒక ఒడ్డున ఆంధ్రరాష్ట్రము, రెండవ ఒడ్డున హైదరాబాదు రాష్ట్రము. మరుసటి యేడు అవి రెండును కలిసి ఆంధ్రప్రదేశమైనవి. బెజవాడ గోపాలరెడ్డిగారు, నీలం సంజీవరెడ్డిగారు, దామోదరం సంజీవయ్యగారు, మరల సంజీవరెడ్డిగారు, పిదప కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రులైరి. నెహ్రూగారు గతించిరి. అయినను ఒకరు పేర్చిన రాతిమీదనే మరియొకరు రాయి పేర్చిరి గాని, ముందువాడు కట్టినదని ఎవరును పడగొట్టలేదు. అది ఒకరి బేరము గాక ప్రభుత్వపు పనియై యుండుటచేతనే అట్లు జరిగినది.

కాని ప్రభుత్వపు పద్ధతిలో గల లోపమునుగూడ దాచరాదు. పోలవరమునకు 1981 లో అంజయ్యగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు పునాదిరాయి వేసిరి. ఆ నాటి పసిబిడ్డలకు నేడు పిల్లలు కలిగి వారును పెద్దవారగుచున్నారు. ఆనకట్ట మాత్రము ఇంకను పూర్తికాలేదు. నిర్వాసితుల గోడు, పొరుగు రాష్ట్రముల అభ్యంతరములు, నిధుల కొరత, గుత్తేదారుల మార్పు, వరదల నష్టము, ఇన్నియు అందులకు కారణములే. కాని ఆలస్యమునకు వడ్డీ కట్టువాడెవడును కార్యాలయములో లేకపోవుటయు ఒక కారణమే. ఇచ్చట బేరగాని కాలజ్ఞత పనికివచ్చెడిది.

రెండు విద్యలును ఒక్కచోట కలిసికొని, వాని బలమును బలహీనతను మనకు చూపినది అమరావతి. నవులూరు, ఎర్రబాలెము, నిడమర్రు, కురగల్లు, బేతపూడి, కృష్ణాయపాలెము మన మంగళగిరి మండలములోనివే. అచ్చటినుండి వచ్చు పిల్లలు మన తరగతులలో కూర్చుండుచున్నారు. వారి యిండ్ల సంగతి గనుక దీనిని కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

రాష్ట్రము 2014 లో విడిపోయిన పిదప రాజధానికి భూమి కావలసివచ్చెను. భూసేకరణ చట్టము క్రింద పరిహారమిచ్చి భూములు తీసికొనుట ఒక మార్గము. నారా చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని విడిచి, భూసమీకరణమను మార్గమును పట్టినది. ఆ పనిని ముందుండి నడపిన మంత్రి పొంగూరు నారాయణగారు. వారు నెల్లూరులో చిన్న ట్యూషనుతో మొదలుపెట్టి, దేశమంతట విద్యాసంస్థలు పెట్టిన వ్యాపారవేత్త. అంతకుముందు ప్రభుత్వపదవి యెరుగరు. రైతు ఎకరము భూమి ఇచ్చినచో మెట్టకు 1000 గజముల నివాసస్థలము, 250 గజముల వాణిజ్యస్థలము. జరీబునకు 1000 గజముల నివాసస్థలము, 450 గజముల వాణిజ్యస్థలము అభివృద్ధి చేసి తిరిగి ఇచ్చునట్లును, పదియేండ్లవరకు ఎకరమునకు మెట్టకు 30 వేల రూపాయలు, జరీబునకు 50 వేల రూపాయలు కౌలుగా నిచ్చి, దానిని యేటేట పెంచునట్లును నిశ్చయించిరి. 28 వేలకు పైబడిన రైతులు సుమారు 34 వేల ఎకరములు ఇచ్చిరి. పోలీసు బలముతో గాక, ఇంటింటికి తిరిగి, పంచాయతీ అరుగులమీద కూర్చుండి, అడిగినవారికి లెక్క చెప్పి ఇంత భూమిని కూడబెట్టుట సామాన్యము కాదు. బేరముగా చూచినచో ఇది గొప్ప బేరము.

అయితే బల్లయొద్ద కూర్చున్నవాడు పట్టాదారు. అతని చేలో కూలి చేయువాడు, కౌలునకు మల్లెలు, కూరగాయలు పండించువాడు ఆ బల్లయొద్ద లేరు. భూమి లేని కుటుంబములకు నెలకు 2500 రూపాయల పింఛను ఏర్పాటు చేసిరి. కాని ఏడాది పొడుగున పని దొరకు నేల పోయిన తరువాత ఆ మొత్తము ఎన్ని దినములకు వచ్చును? అసైన్డు భూముల రైతులకు మొదట పట్టా రైతులకంటె తక్కువ స్థలము చూపిరి. ఆ వ్యత్యాసముపై వారు చిరకాలము మొరపెట్టుకొనిరి. పెనుమాక, ఉండవల్లి రైతులలో అనేకులు మూడు పంటలు పండు తమ నేలను ఇయ్యమని నిలిచిపోయిరి. బేరములో ఇష్టము లేనివాడు లేచిపోవచ్చును గాని, ఆతని చేని చుట్టును రాజధాని వచ్చుచున్నప్పుడు ఆతడెచ్చటికి పోవును? ఇట్టివారిని లెక్కలోనికి తీసికొనుటయే పరిపాలన.

ఇక మూడవ భేదము. 2014 సెప్టెంబరులో శాసనసభలో రాజధాని ప్రాంతమును ప్రకటించినప్పుడు ప్రతిపక్షనాయకులును దానిని కాదనలేదు. పిదప భూములు కూడబెట్టిన తీరును మాత్రము వారు గట్టిగా విమర్శించిరి. 2015 అక్టోబరు 22 న ఉద్దండరాయునిపాలెమున ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. నగరపు తొలిభాగముగా 1691 ఎకరములను అభివృద్ధిపరచుటకు సింగపూరు సంస్థలతో 2017 లో ఒడంబడిక జరిగెను. 2019 లో ప్రభుత్వము మారినది. ఆ జులైలో ప్రపంచబ్యాంకు 30 కోట్ల డాలర్ల ఋణప్రతిపాదన ఆగిపోయెను. నవంబరులో సింగపూరు ఒడంబడిక రద్దయ్యెను. డిసెంబరు 17 న మూడు రాజధానుల ఆలోచనను క్రొత్త ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించిరి. రైతులకు లాటరీలో స్థలముల సంఖ్యలు వచ్చినవి. ఆ సంఖ్యగల స్థలమునకు బాటలేదు, మురుగుకాలువ లేదు, తుమ్మచెట్లు మాత్రము మొలచినవి. నాలుగేండ్లకు పైగా వారు, ముఖ్యముగా స్త్రీలు, శిబిరములలో కూర్చుండిరి. 2021 లో న్యాయస్థానమునుండి దేవస్థానమునకని పేరుపెట్టి తిరుపతివరకు నడిచిరి.

ఆ కాలములో వారిని నిలబెట్టినదేది? బేరమాడిన మంత్రి పీఠము దిగెను. ముచ్చటించుకొన్న మాటలు గాలిలో కలిసెను. నిలిచినవి రెండు: 2014 నాటి రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టము, ఆ సంస్థతో రైతులు వ్రాసికొన్న ఒప్పందపత్రములు. 2022 మార్చి 3 న హైకోర్టు వీనినే ఆధారము చేసికొని, ప్రభుత్వము తన మాట తప్పరాదనియు, రైతుల స్థలములను అభివృద్ధి చేసి ఇయ్యవలెననియు తీర్పు చెప్పెను. తీర్పులోని గడువులను సుప్రీంకోర్టు ఆ యేటి నవంబరులో నిలిపివేసినను, ఒప్పందము ఒప్పందముగానే నిలిచియుండెను. 2024 జూనులో ప్రభుత్వము మరల మారినది; డిసెంబరులో ప్రపంచబ్యాంకు 80 కోట్ల డాలర్ల ఋణమునకు సమ్మతించెను; 2025 మే 2 న పనుల పునఃప్రారంభము జరిగెను. కాని పోయిన యేండ్లు తిరిగి రావు. ఆ స్థలము చూపి కుమార్తె పెండ్లి చేయదలచినవాడును, కుమారుని చదువునకు అప్పు తేదలచినవాడును ఆ యేండ్లెట్లు గడిపిరో వారికే తెలియును.

ఇందులో నేర్చుకొనవలసినది చేసినవారికిని కలదు, విడిచినవారికిని కలదు. చేసినవారు రైతుతో ఒప్పందము కుదుర్చుకొనిరి గాని, రేపు తమ పీఠములో కూర్చుండగల ప్రతిపక్షముతో కుదుర్చుకొనలేదు. విడిచినవారు అది వెనుకటివారి బేరమని తలచిరి గాని, ఆ సంతకము వ్యక్తిది కాదు, రాష్ట్రమునదని తలచలేదు.

ఈ రెండవ తప్పునకు మరియొక నిదర్శనము. 2019 లో ముఖ్యమంత్రియైన వై.ఎస్. జగన్మోహనరెడ్డిగారును సిమెంటు, విద్యుత్తు, పత్రికాసంస్థలు నడిపిన అనుభవము గలవారు. గాలినుండి, ఎండనుండి విద్యుత్తు తీయు సంస్థలతో వెనుకటి ప్రభుత్వము కుదుర్చుకొన్న ధరలు ఎక్కువగా నున్నవని, వానిని తగ్గించుటకు వారి ప్రభుత్వము ఆ జులైలో ఒక సంఘమును నియమించెను. పంపిణీ సంస్థలు అప్పులలో మునిగియుండుట నిజమే. వ్యాపారములో పాత ధరను తిరగదోడుట తప్పుకాదు; సరుకు ధర పడిపోయినప్పుడు ప్రతి కొనుగోలుదారుడు అట్లే అడుగును. కాని 2022 మార్చిలో హైకోర్టు, ఒప్పుకొన్న ధరనే చెల్లింపుమని తీర్పునిచ్చెను. ప్రభుత్వము ఒకనితో తిరగదోడినచో, రేపు రాదలచినవాడు ఆ సందేహమునకు కూడ ధర కట్టి ఎక్కువ అడుగును. ఆ ధర చెల్లించువారు ప్రజలు.

ఇతర దేశముల సంగతి కొంచెము చూతము. అమెరికాలో హెర్బర్టు హూవరు గనుల వ్యాపారములో ధనవంతుడై, 1929 లో అధ్యక్షుడై, ఆ యేటి ఆర్థిక మాంద్యమున ప్రజల విశ్వాసము కోల్పోయి 1932 లో ఓడిపోయెను. హారీ ట్రూమను కాన్సాసు నగరమున పెట్టిన బట్టలదుకాణము 1922 లో మూతపడెను. ఆయనయే 1945 లో అధ్యక్షుడై, యుద్ధమున చితికిన ఐరోపాను నిలబెట్టిన మార్షలు పథకమును సాధించెను. కాబట్టి దుకాణపు లాభనష్టములు పరిపాలనకు కొలతబద్దలు కావు. డొనాల్డు ట్రంపు అంతకుముందు ప్రభుత్వపదవిగాని సైనికోద్యోగముగాని చేయక, బేరముల నేర్పునే చెప్పుకొని 2017 లో అధ్యక్షుడాయెను. ఆ యేటి జులైలో, తన పక్షమునకే ఆధిక్యముండినను, సెనేటులో తన ఆరోగ్యబిల్లును గెలిపించుకొనలేకపోయెను. 2018 డిసెంబరులో సరిహద్దుగోడ ఖర్చు విషయమై కాంగ్రెసుతో పంతము పట్టగా, ప్రభుత్వ కార్యాలయములలో కొంతభాగము 35 దినములు మూతపడి, సుమారు 8 లక్షలమంది ఉద్యోగులకు జీతములు ఆగినవి. బేరములో బల్ల విడిచి లేచిపోవుట ఒక బలము. ప్రభుత్వము బల్ల విడిచి ఎక్కడికి పోవును?

బేరము తెలియనివాడే మంచి పాలకుడని మా భావము కాదు. ప్రభుత్వములోను బేరమున్నది, దాని తీరు వేరు. పి.వి. నరసింహారావుగారు ఎన్నడును అంగడి నడపలేదు. 1962 మొదలు రాష్ట్రమంత్రిగను, ముఖ్యమంత్రిగను, కేంద్రమున విదేశాంగ, హోము, రక్షణ శాఖల మంత్రిగను పనిచేసిరి. 1991 జూనులో ప్రధానియైననాడు వారి పక్షమునకు లోక్‌సభలో ఆధిక్యము లేదు, ఖజానాలో విదేశద్రవ్యము కొలది వారములకు మాత్రమే సరిపోవును. ఆర్థికశాఖను చిరకాలము ప్రభుత్వసేవలోనున్న మన్‌మోహన్ సింగుగారికి అప్పగించి, జులై 24 న ఒక్కదినముననే పారిశ్రామిక విధానమును, బడ్జెటును సభముందుంచి, లైసెన్సుల సంకెళ్లను చాలవరకు తెంచిరి. వ్యాపారులకు స్వేచ్ఛనిచ్చినవారు వ్యాపారులు కారు! 1994 లో జెనీవాకు పంపిన భారత ప్రతినిధివర్గమునకు ప్రతిపక్షనాయకులగు వాజపేయిగారిని పెద్దగా నియమించిరి. నేటి ఎదిరిని రేపటి వారసునిగా చూచి, దేశపు పనిలో ఆతనికి పాలు పంచుట ప్రభుత్వమునకు తగిన బేరము. తరువాత వచ్చిన ప్రభుత్వములు 1991 నాటి మార్గమును విడువకపోవుటలో ఈ గుణమునకు భాగము కలదు.

అట్లే బేరగాని చురుకుదనమునకు తగిన గౌరవమీయవలయును. 1990 పిమ్మట హైదరాబాదునకు సాంకేతిక సంస్థలను రప్పించుటలో చంద్రబాబునాయుడుగారి పట్టుదల, 1998 లో మైక్రోసాఫ్టు అచ్చట కేంద్రము తెరచుట అందరెరిగినవే. 2025 అక్టోబరు 14 న విశాఖపట్టణమున 1500 కోట్ల డాలర్ల డేటా కేంద్రమునకు గూగుల్ సంస్థ ఒప్పందము చేసికొనుటలో లోకేశ్‌గారి కృషి కనబడుచున్నది. పదిమంది పిలుచుచుండగా మన వాకిటికి అతిథిని తెచ్చుట నేర్పే. కాని అతిథి వచ్చిన మరునాడు విద్యుత్తు ఎచ్చటనుండి, నీరు ఎవరి వాటానుండి, నేల ఎవరిది, ఉద్యోగములెన్ని, పన్నుల రాయితీ ఎన్నాళ్లు అను ప్రశ్నలు మొదలగును. వానికి జవాబు చెప్పుట బేరగాని పని కాదు, పాలకుని పని. 1998 లో కంపెనీలు వచ్చినను, 2004 లో అనావృష్టిచే నొగిలిన పల్లెలు అదే ప్రభుత్వమును దింపివేసినవి. బల్లయొద్ద లేనివాడు ఓటుపెట్టెయొద్ద కనబడును.

కావున, ఓటర్లగు పెద్దలారా, ఎవరైనను తాను వ్యాపారములో గెలిచితినని చెప్పుకొని వచ్చినప్పుడు మూడు విషయములు విచారింపుడు. ఆతని వ్యాపారమునకును, అడుగుచున్న పదవికిని సంబంధమున్నదా. ఉన్నచో కొనువాడును అమ్మువాడును తానే కాకుండ నేమి ఏర్పాటు చేసెను? ఆతని సంస్థలో నష్టపడినవారిని, పనికిరానివారిని ఎట్లు చూచెను? ఆతడు దిగిపోయిన తరువాత నిలుచునట్లు దేనిని చట్టముగా, లెక్కగా, పత్రముగా వ్రాసి యుంచెను? ప్రభుత్వోద్యోగములో పండినానని చెప్పువానిని ఒకటే అడుగుడు: నీ బల్లమీద కాగితము ఎన్నిదినములుండెను? ఈ ప్రశ్నలకు సూటియైన జవాబిచ్చినవాడు ఏ వృత్తినుండి వచ్చినను భయములేదు.

విద్యార్థులారా, ఈ విద్యను నేర్చుకొనుటకు మీరు పెద్దవారగువరకు ఆగనక్కరలేదు. తరగతి నాయకుడుగా నుండి ఆటవస్తువుల చందా వసూలుచేసినప్పుడు అంగడివానితో గట్టిగా బేరమాడి ధర తగ్గింపుడు. పిదప రసీదును పుస్తకములో అంటింపుడు. చందా ఈయలేని బాలునికిని బంతి అందునట్లు చూడుడు. వచ్చు యేటి నాయకునికి పుస్తకము, బీరువా తాళము, మిగిలిన పైకము ముగ్గురి యెదుట అప్పగింపుడు. పాత నాయకుడు మీకు నచ్చనివాడైనను ఆతడు పెట్టిన బాకీని తీర్పుడు. ఈ పనులు అలవాటైనవారు రేపు ఏ వ్యాపారము చేసినను, ఏ యుద్యోగము చేసినను, మా పిల్లల భూములను, మా పిల్లల కాలమును వారి చేతిలో పెట్టుటకు మేము జంకనక్కరలేదు.